మలేరియా దోమ మోరీలో పుడుతుందా, వాగులో పుడుతుందా?

ములుగు రోడ్డు (ప్రశ్న):

అందరికీ నమస్తే. మాది ములుగు దాటాక అడవి అంచున ఉన్న ఊరు. నేను హన్మకొండలో ఉంటాను, సెలవు దొరికితే ఊరికి పోతాను. వానలు తగ్గుముఖం పట్టినప్పుడు మా తమ్ముడు ఏటూరునాగారం అవతల కల్వర్టు పనికి పోయాడు. వాగు పక్కన వేసిన రేకుల షెడ్డులో మిగతా కూలీలతో కలిసి పడుకునేవాడు. ఇంటికొచ్చిన నాలుగైదు రోజులకే చలిజ్వరం పట్టుకుంది, దుప్పట్లు ఎన్ని కప్పినా వణుకు ఆగలేదు. ఆశా వర్కర్ వేలు గుచ్చి కిట్‌లో చూస్తే మలేరియా అని తేలింది, అదీ ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన రకం. మందులు వెంటనే మొదలుపెట్టారు, ఇప్పుడు లేచి తిరుగుతున్నాడు, ఆ టెన్షన్ తగ్గింది.

నా ప్రశ్న వేరే. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి ఊళ్ళో అందరూ మోరీల మీద పడ్డారు. బ్లీచింగ్ చల్లారు, సాయంత్రం పొగ మిషన్ తిప్పారు, ఇక దోమలు పోయినట్టే అన్నారు. నేను ఫోన్‌లో చదివితే ఒకచోట మలేరియా దోమ మంచినీళ్ళలోనే గుడ్లు పెడుతుందని, ఇంకోచోట డాబా మీది ట్యాంకులో పెరుగుతుందని, మరోచోట అది అడవి దోమ అని, వేరొకచోట సముద్రం ఒడ్డున ఉప్పునీళ్ళలో ఉంటుందని రాశారు. అన్నిటినీ అనాఫిలిస్ అనే అంటున్నారు. మరి మా ఊరికి సంబంధించింది ఏది? మా దగ్గర మోరీలున్నాయి, డాబాల మీద ప్లాస్టిక్ ట్యాంకులున్నాయి, చెరువు కింద వరి పొలాలున్నాయి, వాగులో ఎండాకాలం చెలిమెలు తవ్వుకుంటారు. దేని వెంట పడాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

కాశిబుగ్గ:

అన్నా, ఏ దోమైనా దోమే. మా గల్లీలో మోరీ పూడిక తీశాక దోమలు సగానికి సగం తగ్గాయి. ముందు మోరీలు సాఫ్ చేయించండి, మురుగు నిలవకుండా చూడండి, దోమ పేరు ఏదైతే ఏంటి?

పాత మలేరియా ఉద్యోగి:

కాశిబుగ్గ తమ్మీ, మోరీ సాఫ్ చేయించడం మంచి పనే, కాదనను. కానీ ఈ అన్న అడిగినదానికి అది జవాబు కాదు. మోరీలో పెరిగేది క్యూలెక్స్. రాత్రి చెవి దగ్గర రొద పెట్టి నిద్రపోనివ్వనిది ఎక్కువగా అదే, బోదకాలు తెచ్చేది కూడా అదే, కానీ ఎంత కుట్టినా దాని వల్ల మనుషులకు మలేరియా రాదు. డెంగీ తెచ్చేది ఈడిస్, పగటిపూట కుడుతుంది, కూలర్లలో, పాత టైర్లలో, పూలకుండీల కింది పళ్ళేల్లో పెరుగుతుంది. మలేరియాను మనిషి నుంచి మనిషికి మోసేది అనాఫిలిస్ ఒక్కటే, అందులోనూ ఆడదే, ఎందుకంటే గుడ్లు కట్టడానికి రక్తం కావాల్సింది దానికే.

నేను మలేరియా విభాగంలో పనిచేసి రిటైరయ్యాను, ములుగు, ఏటూరునాగారం, మహదేవపూర్ వైపు చాలా ఊళ్ళు తిరిగాను. తెల్లవారుజామున టార్చిలైటు, గాజు గొట్టం పట్టుకుని పసుల కొట్టాల్లో దోమలు పట్టడం మా పని. గోడ మీద కూర్చున్న తీరు చూస్తే చాలు, ఏదో తెలిసిపోతుంది. క్యూలెక్స్ గోడకు సమాంతరంగా, కాస్త గూని వంచినట్టు కూర్చుంటుంది. అనాఫిలిస్ అయితే తల కిందికి, వెనక భాగం పైకి లేపి గోడకు ఏటవాలుగా ఉంటుంది. దగ్గరగా లైటు వేస్తే రెక్కల అంచున నలుపూ తెలుపూ మచ్చలు వరసగా కనిపిస్తాయి. నీళ్ళలో దోమ పిల్లల్ని గుర్తుపట్టడం ఇంకా తేలిక. తెల్ల గిన్నెతో నీళ్ళు ముంచి కాసేపు కదలకుండా పట్టుకోండి. తల కిందికి వేలాడుతూ, తోక దగ్గరి చిన్న గొట్టాన్ని నీటిపైకి ఆనించేవి క్యూలెక్స్, ఈడిస్ పిల్లలు. అనాఫిలిస్ పిల్లకు ఆ గొట్టం ఉండదు, అందుకే గాలి కోసం నీటి మీద సన్నటి పుల్లముక్కలా అడ్డంగా తేలుతుంది. నీడ పడితే వెనక్కి జారుకుంటూ అంచుకు పోతుంది.

ఇక మీ ఊరి విషయం. మన తెలంగాణ పల్లెల్లో మలేరియాకు ప్రధాన కారణం అనాఫిలిస్ క్యూలిసిఫేసీస్ అనే దోమ. దేశం మొత్తం మీద పల్లె మలేరియాలో పెద్ద వాటా దీనిదే. దీనికి ఎండ తగిలే శుభ్రమైన నీళ్ళు కావాలి: వాగు పారడం ఆగాక ఇసుకలో, బండల మధ్య మిగిలే మడుగులు, మీరు చెప్పిన చెలిమెలు, కాలువ కారి నిలిచిన నీళ్ళు, రోడ్డు కోసం మట్టి తీసిన గుంతలు, కొత్తగా నాటేసిన మడులు. వరి ఎదిగి నీటిని కమ్మేశాక ఆ మడిలో ఇది దాదాపు కనిపించదు. అడవి దగ్గరి గుట్టల ఊళ్ళలో దీనికి తోడు ఫ్లూవియాటిలిస్ అనే ఇంకో అనాఫిలిస్ ఉంటుంది, అది నెమ్మదిగా పారే వాగు ఒడ్డున గడ్డి నీళ్ళలోకి వంగిన చోట పెరుగుతుంది. ఇప్పుడు మీ తమ్ముడు పడుకున్న షెడ్డు గుర్తుచేసుకోండి. పక్కన వాగు, వానలు తగ్గి మడుగులు పడే కాలం, కల్వర్టు కోసం తవ్విన గుంతలు, తలుపుల్లేని షెడ్డు, దాంట్లో రకరకాల ఊళ్ళ నుంచి వచ్చిన కూలీలు. వాళ్ళలో ఒక్కరి రక్తంలో మలేరియా తెచ్చే పరాన్నజీవి ఉన్నా సరిపోతుంది.

ఇంకో లెక్క కూడా చూడండి. ఫాల్సిపారం ఉన్న దోమ కుట్టాక జ్వరం రావడానికి మామూలుగా 9 నుంచి 14 రోజులు పడుతుంది. మీ తమ్ముడికి ఇంటికొచ్చిన నాలుగైదు రోజులకే వచ్చిందంటే కుట్టింది మీ ఊళ్ళో కాదు, అక్కడే. మీ ఊరి మోరీకి దాంతో ఏ సంబంధమూ లేదు.

కాశిబుగ్గ:

సార్, మీరు చెప్పింది అర్థమైంది. మరి పొగ ఎందుకు కొడుతున్నారు?

పాత మలేరియా ఉద్యోగి:

పొగ ఆ కాసేపు గాలిలో ఎగిరే దోమను చంపుతుంది, అంతే. నీళ్ళలో ఉన్న దోమ పిల్లలకు ఏమీ కాదు, కొట్టంలో, ఇంటి మూలల్లో కూర్చున్న దోమకు సరిగ్గా తగలదు. డెంగీ కేసులు ఒక్కసారిగా ఎక్కువైనప్పుడు వాడుకోవచ్చు. పల్లెలో మలేరియాకు అసలు పని గోడల మీద మందు పిచికారి చేయడం. రక్తం తాగి బరువెక్కిన దోమ దగ్గర్లోని గోడ మీద కూర్చుంటుంది, మందు అంటుకుని చస్తుంది. మేం మందు కొట్టి వచ్చిన వారానికే పండగ వచ్చిందని గోడలకు సున్నం వేసేవాళ్ళు, మట్టి అలికేవాళ్ళు. రెండు రెండున్నర నెలలు పనిచేయాల్సిన మందు ఆ రోజుతో సరి. దేవుడి గది వద్దనేవాళ్ళు, బియ్యం బస్తాలున్న గది వద్దనేవాళ్ళు, చివరికి ఇంటి ముందు గోడకు కొట్టి వచ్చేవాళ్ళం. చీకటిగా ఉండే లోపలి గదులే దోమకు ఇష్టం, అవే వదిలేస్తే ఇక ఎందుకు? ఇది నాకు ఇప్పటికీ బాధే.

జువాలజీ పాఠం:

పైన సార్ చెప్పినదానికి కొంచెం కలుపుతాను. డిగ్రీ పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు మొదట ఇక్కడే తికమక పడతారు, అనాఫిలిస్ అంటే ఒకే దోమ అనుకుంటారు. ప్రపంచంలో 400కు పైగా అనాఫిలిస్ జాతులున్నాయి, వాటిలో మలేరియాను చెప్పుకోదగ్గంతగా మోసేవి కొన్ని పదులే. మీరు ఫోన్‌లో చదివినవన్నీ నిజాలే, కానీ ఒక్కోటి ఒక్కో ప్రాంతానిది. అస్సాం కొండ పాదాల్లో మినిమస్, ఈశాన్య అడవుల్లో బైమాయి, మయన్మార్ నుంచి వియత్నాం దాకా దట్టమైన అడవుల్లో డైరస్ గుంపు దోమలు. ఈ డైరస్ మనిషిని ఇంటి బయటే, పొద్దుగూకగానే కుడుతుంది, జనం ఇంకా దోమతెరలోకి వెళ్ళకముందే. అడవిలో కట్టె కొట్టేవాళ్ళకు, రబ్బరు తోటల్లో రాత్రిపూట పనిచేసేవాళ్ళకు అక్కడ మలేరియా తగ్గకపోవడానికి అదో పెద్ద కారణం. ఉప్పు కలిసిన నీళ్ళలో పెరిగేది సండైకస్, అండమాన్ నికోబార్‌లో, ఇండోనేషియా తీరంలో ఉంది. చైనా, కొరియా వరి పొలాల్లో సైనెన్సిస్. బోర్నియోలో బాలబాసెన్సిస్ అనే దోమ కోతుల మలేరియాను మనుషులకు ఎక్కిస్తోంది. ఇవేవీ ములుగులో వెతకాల్సినవి కావు.

ట్యాంకు దోమ సంగతి మాత్రం వేరు. దాని పేరు స్టిఫెన్సీ, ఇది నగరాల మలేరియా దోమ. బావులు, సంపులు, మూత లేని ట్యాంకులు, కట్టే బిల్డింగుల్లో క్యూరింగ్ కోసం నిలిపిన నీళ్ళు దీనికి నిలయం. ముంబై, చెన్నై, మంగుళూరు లాంటి చోట్ల కట్టడం పనుల కూలీలకు మలేరియా రావడానికి ఇదే కారణం. ఇప్పుడు ఇది ఆసియా దాటింది. ఆఫ్రికాలోని జిబూతిలో 2012లో బయటపడింది, అంతకుముందు బాగా తగ్గిన మలేరియా అక్కడ మళ్ళీ పెరిగింది, ఆ తర్వాత పక్క దేశాలకూ పాకింది. ఆఫ్రికా పల్లె దోమలు వానల మీద ఆధారపడతాయి, ఇది మనిషి దాచుకున్న నీళ్ళ మీద బతుకుతుంది కాబట్టి ఎండాకాలం కూడా ఆగదు. అందుకే అంత భయం.

మడుగుల విషయంలో శ్రీలంక కథ తప్పకుండా తెలుసుకోవాలి. ఎక్కువ వానలుంటేనే మలేరియా అని అందరూ అనుకుంటారు. శ్రీలంకలో 1934లో వానలు తప్పాయి, నదులు పారడం ఆగి ఇసుకలో మడుగులు మడుగులుగా మిగిలిపోయాయి, అందులో క్యూలిసిఫేసీస్ విపరీతంగా పెరిగింది. ఆ ఏడాది చివర, 1935 మొదట్లో కలిపి సుమారు 80 వేల మంది చనిపోయారు. అదే దేశం 2016లో మలేరియా లేని దేశంగా గుర్తింపు తెచ్చుకుంది. దోమ అక్కడ ఇప్పటికీ ఉంది. జ్వరం వచ్చిన ప్రతి మనిషిని వెతికి, పరీక్ష చేసి, పూర్తి మందులిచ్చి పరాన్నజీవిని లేకుండా చేశారు.

ములుగు రోడ్డు:

సార్లిద్దరికీ చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. రెండు డౌట్లు. ఒకటి, మా ఇంటి వెనకే పసుల కొట్టం ఉంది, గోడకు గోడ. సార్ కొట్టంలో దోమలు పట్టేవాళ్ళమన్నారు కదా, మరి పసుల్ని దూరంగా కట్టేయాలా? మా నాన్న మాత్రం పసులుంటే దోమలు వాటినే కుడతాయి, మనల్ని వదిలేస్తాయి అంటాడు. రెండు, తమ్ముడి వల్ల ఇప్పుడు ఇంట్లోవాళ్ళకు, ఊరికి ఏమైనా ప్రమాదం ఉందా?

జువాలజీ పాఠం:

మీ నాన్నగారి మాటలో నిజం ఉంది. క్యూలిసిఫేసీస్‌కు మనిషి రక్తం కంటే పశువుల రక్తమే ఎక్కువ ఇష్టం. అయినా మలేరియా ఎందుకు తెస్తుందంటే సంఖ్య వల్ల. కొన్ని వేల దోమల్లో కొద్ది వంతు మనల్ని కుట్టినా చాలు. పైగా క్యూలిసిఫేసీస్ అని మనం పిలిచేది ఒక దోమ కాదు, ఏ, బీ, సీ, డీ, ఈ అని ఐదు రకాల గుంపు. లెన్సు పెట్టి చూసినా తేడా కనిపించదు, క్రోమోజోములనో డీఎన్ఏనో చూడాలి. వీటిలో బీ రకం మన దేశంలో మలేరియా మోయడంలో చాలా బలహీనం. ఫ్లూవియాటిలిస్‌లోనూ ఇంతే, ఎస్ అనే రకం మనిషి రక్తాన్నే కోరుకుంటుంది, ఒడిశా గుట్టల అడవుల్లో మలేరియా ఎక్కువగా ఉండడానికి అదో కారణం, టీ రకం పశువులతో సరిపెట్టుకుంటుంది. అందుకే ఒకే పేరున్న దోమ ఒక ఊళ్ళో ప్రాణాలు తీస్తుంది, ఇంకో ఊళ్ళో పెద్ద నష్టం చేయదు.

కానీ కొట్టం గోడకు ఆనుకుని ఉంటే లాభం కంటే నష్టమే ఎక్కువ. పసుల వాసనకు వచ్చిన దోమ పక్కనే పడుకున్న మనిషిని వదలదు. అవకాశం ఉంటే కొట్టం కొంచెం దూరంగా పెట్టండి, కుదరకపోతే మందు కొట్టేవాళ్ళు వచ్చినప్పుడు కొట్టం గోడలకు కూడా కొట్టించండి.

రెండో ప్రశ్న చాలా ముఖ్యమైంది. మలేరియా మనిషి నుంచి మనిషికి ముట్టుకుంటే రాదు, కలిసి తింటే రాదు. కానీ ఫాల్సిపారం వచ్చిన మనిషి రక్తంలో జ్వరం మొదలైన వారం పది రోజులకు గామెటోసైట్లు అనే రూపాలు తయారవుతాయి, దోమ కడుపులోకి పోయి పెరిగేవి ఇవే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ అనే డాక్టరు దోమ కడుపు గోడ మీద చూసింది ఆ పెరుగుదలనే, రోగి రక్తం తాగించిన మచ్చల రెక్కల దోమను కోసి చూశాడు. ఆ పరిశోధన మన గడ్డ మీదే జరిగిందని పిల్లలకు చెప్పినప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది. రక్తం తాగిన దోమ వెంటనే ప్రమాదం కాదు, పరాన్నజీవి దాని లాలాజల గ్రంథుల దాకా చేరడానికి మన వాతావరణంలో సుమారు 10 నుంచి 14 రోజులు పడుతుంది. దోమ అన్నాళ్ళు బతకాలి. గోడ మీద మందు, మందు దోమతెర పనిచేసేది ఇక్కడే, దోమను ఆ వయసు దాకా బతకనివ్వవు. కాబట్టి మీ తమ్ముడు కోర్సు మొత్తం మింగాలి, ఫాల్సిపారానికి ప్రైమాక్విన్ ఒక్క డోసు ఇచ్చేది ఈ గామెటోసైట్లను చంపడానికే. ఇచ్చారో లేదో అడిగి తెలుసుకోండి. కొన్నాళ్ళు దోమతెరలోనే పడుకోబెట్టండి.

తాడ్వాయి ఆశా:

నేను ఆశాగా చేస్తున్నాను, మేడారం వైపు ఊళ్ళు తెలుసు కాబట్టి రాస్తున్నా. సార్లు దోమల సంగతి బాగా చెప్పారు, నేను మనుషుల సంగతి చెప్తాను అన్నా. మా దగ్గర జ్వరం తగ్గగానే మందులు ఆపేస్తారు. ఫాల్సిపారం అయితే మూడు రోజుల మందే కాబట్టి కనీసం ఎదురుగా మింగించగలం. వైవాక్స్ అనే ఇంకో రకం మలేరియా అయితే ప్రైమాక్విన్ 14 రోజులు మింగాలి, ఎందుకంటే అది కాలేయంలో దాక్కుని నెలల తర్వాత మళ్ళీ లేస్తుంది. ఐదో రోజుకే గోళీలు గూట్లో పెట్టేస్తారు. మళ్ళీ జ్వరం వస్తే దోమ కుట్టింది అనుకుంటారు, చాలాసార్లు అది పాతదే. గర్భిణులకు, పసిపిల్లలకు ప్రైమాక్విన్ ఇవ్వకూడదు. మింగినప్పుడు మూత్రం నల్లగా వస్తే వెంటనే ఆపి దవాఖానకు రావాలి, కొందరి ఒంటికి అది పడదు.

దోమతెరల విషయం. సర్కారు ఇచ్చే మందు దోమతెరను మామూలు తెరలా సబ్బు పెట్టి బండకేసి బాదకండి, ఎండలో ఆరేయకండి. మెల్లగా ఉతికి నీడలో ఆరేస్తే మూడేళ్ళ దాకా పనిచేస్తుంది. మా దగ్గర కొందరు దాన్ని చేపలు పట్టడానికి, కోళ్ళకు అడ్డం కట్టడానికి వాడుతున్నారు, అది చూస్తే నాకు కోపం వస్తుంది, అడిగి అడిగి తెప్పించినవి అవి.

చెలిమెల గురించి అడిగారు కదా. తాగే చెలిమెను పూడ్చమని ఎవరూ చెప్పలేరు, కానీ వాడటం మానేసిన పాత చెలిమెల్ని ఇసుకతో నింపేయొచ్చు. ఊరి పక్క గుంతల్లో, బావుల్లో గంబూసియా చేపలు వదలొచ్చు, మలేరియా ఆఫీసులో అడగండి. డాబా ట్యాంకుకు గట్టి మూత పెట్టి వారానికోసారి కడగండి, గుడ్డు దోమ కావడానికి కనీసం వారం పడుతుంది కాబట్టి అది చాలు. మోరీ కూడా చేయించండి, బోదకాలు కూడా చిన్న జబ్బేం కాదు.

ఒక పని మాత్రం ఈ వారమే చేయండి అన్నా. మీ తమ్ముడితో పాటు ఆ షెడ్డులో పడుకున్నవాళ్ళు ఇప్పుడు వాళ్ళ వాళ్ళ ఊళ్ళకు పోయి ఉంటారు, కొందరు ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినవాళ్ళు కూడా ఉంటారు. జ్వరం లేకపోయినా వాళ్ళ రక్తంలో ఉండొచ్చు. తమ్ముడి ఫోన్‌లో ఎవరి నంబర్లున్నాయో చూసి, ఏ ఊరివాళ్ళు ఆ ఊరి ఆశా దగ్గర పరీక్ష చేయించుకోమని చెప్పించండి. ఇంకో నెల దాటితే మిరప కోతలకు కూలీలు గుంపులుగా వస్తారు, చేలల్లోనే గుడిసెలు వేసుకుంటారు. మీ ఊరి రైతులకు ముందే చెప్పి ఉంచండి, కూలీలు దిగిన రోజే మాకు కబురు పెడితే కిట్లు పట్టుకుని మేమే చేను దగ్గరికి వస్తాం.

ములుగు రోడ్డు:

అక్కా, తమ్ముడి దగ్గర నలుగురి నంబర్లున్నాయి. ఇద్దరికి ఇప్పుడే ఫోన్ చేశాం, ఒకతనికి నిన్నటి నుంచి ఒళ్ళు వేడిగా ఉందట, వాళ్ళది మంగపేట వైపు. రేపు పొద్దున్నే ఆశా దగ్గరికి పోతానన్నాడు.

తాడ్వాయి ఆశా:

రేపటిదాకా ఆగొద్దని చెప్పండి అన్నా. ఫాల్సిపారం అయితే మెదడుకెక్కడానికి ఎక్కువ సమయం పట్టదు, ఈ రాత్రికే దగ్గరి పీహెచ్‌సీకి తీసుకుపొమ్మనండి. బండి దొరక్కపోతే 108కి ఫోన్ చేయమనండి.